నాలుగు పాత జెండాలు, ఒక కుట్టు మిషన్

జూన్ 15, ఆదివారం

ఖాదీ గుడ్డ తెచ్చాను. తెలుపు నాలుగు మీటర్లు, ఎరుపు రెండున్నర, ఆకుపచ్చ రెండున్నర, పసుపు ఒకటిన్నర, కాషాయం ఒకటి, ముదురు నీలం అర మీటరు. కొట్టాయన గుడ్డ చింపుతూ "ఇన్ని రంగులు ఏం చేస్తారమ్మా?" అన్నాడు. జెండాలు కుడతానన్నాను. "రెడీమేడ్‌వే ఉంటాయి కదమ్మా, ఆగస్టు మొదట్లో రండి, స్టాకు వస్తుంది" అన్నాడు. నాకు కావలసినవి ఏ స్టాకులోనూ రావని చెప్పి, బిల్లు కట్టి బస్సెక్కాను.

ఇది జనవరి 26న మొదలైంది. జెండా వందనం అయ్యాక చాక్లెట్లు పంచుతుంటే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి "ఈ జెండా రాకముందు మన జెండా ఏది టీచర్?" అని అడిగింది. నేను క్రాఫ్టు టీచర్ని. సోషల్ మాస్టారి దగ్గరికి తీసుకెళితే ఆయన బీరువాలోంచి పాత చార్టు తీశారు. మీరూ చూసే ఉంటారు, అగ్గిపెట్టెంత బొమ్మలు, కింద సంవత్సరాలు. పిల్ల సంవత్సరాలు చదువుకుంటోంది. నాకేమో వేరే సందేహం వచ్చింది: పసుపు గుడ్డ మీద అక్షరాలున్నాయి కదా, వెనక నుంచి చూసేవాడికి అవి ఎలా కనిపించేవి? తొమ్మిది చారల్ని ఎలా అతికారు? చార్టుకు ఒకే వైపు ఉంటుంది. జెండాకు రెండు.

కుట్టి చూద్దామనుకున్నాను. ఆగస్టు 15కి బడి వరండాలో కట్టాలి. హెచ్‌ఎం గారు సరే అన్నారు, డబ్బులు మాత్రం లేవన్నారు. నలుగురు ఆడపిల్లలు ఆదివారాలు మా ఇంటికి వస్తామన్నారు.

లిస్టు ఇది: 1906 కలకత్తా జెండా, 1917 హోం రూల్ జెండా, 1921 బెజవాడ జెండా, 1931 జెండా. అన్నీ సుమారు 36 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు. 1947ది కుట్టను. దానికి నేత దగ్గర్నుంచి కొలతల దాకా ప్రమాణాలున్నాయి, ఖాదీ కొట్లోనే కొంటాను. 1907లో మేడమ్ భికాజీ కామా జర్మనీలోని స్టట్‌గార్ట్ సోషలిస్టు మహాసభలో ఎగరేసిన జెండాను కూడా వదిలేశాను. అది 1906 దానికి అక్కచెల్లెలు లాంటిది. పైగా ఒకచోట ఎనిమిది తామరలు అంటారు, ఇంకోచోట ఒకటే తామర, ఏడు నక్షత్రాలు అంటారు. ఎవరి బొమ్మ నమ్మి గుడ్డ కత్తిరించను? ఆ రోజు ఆమె ఎగరేసిన జెండాను ఇందులాల్ యాజ్ఞిక్ రహస్యంగా దేశానికి చేర్చారు, ఇప్పుడది పుణేలో కేసరి మరాఠా గ్రంథాలయంలో ఉంది. ఎప్పుడైనా అటు వెళితే చూసి వచ్చి అప్పుడు కుడతాను.

జూన్ 18

ఈ మూడు రోజులూ చాకిరేవే. ఎరుపు గుడ్డ రంగు కారుతోంది. మొదటి బకెట్టు నీళ్ళు గోరింటాకు పులుసులా అయ్యాయి. అమ్మ "గుప్పెడు రాళ్ళుప్పు వెయ్యవే" అంది. వేశాను. అయినా కారింది. నాలుగోసారి జాడించాక, తడి గుడ్డ మీద తెల్ల ముక్క పెట్టి ఇస్త్రీ చేసి చూస్తే మరక రాలేదు. ఎరుపూ తెలుపూ పక్కపక్కన పడే జెండాలివి, ఇక్కడ తొందర పడితే ఒక్క వానకు అంతా గులాబీ రంగవుతుంది.

గుడ్డ కుంచించుకుపోయింది కూడా. మీటరుకు ఒకటిన్నర అంగుళాలు పోయింది. ఉతక్కుండా కుట్టి ఉంటే ఒక్కో చార ఒక్కో తీరుగా ముడుచుకునేది.

జూన్ 22, ఆదివారం

1906 జెండా మొదలుపెట్టాం. పైన ఆకుపచ్చ, మధ్యలో పసుపు, కింద ఎరుపు, ఒక్కోటి ఎనిమిది అంగుళాలు. ఆకుపచ్చ మీద ఎనిమిది తెల్ల తామరలు, పసుపు మీద నీలం రంగులో దేవనాగరిలో వందేమాతరం, ఎరుపు మీద తెల్లగా సూర్యుడు, నెలవంక.

1906 ఆగస్టు 7న కలకత్తా పార్సీ బగాన్ మైదానంలో ఎగరేశారు దీన్ని. ఆ తారీకు ఊరికే పెట్టుకోలేదు. బెంగాల్ విభజనకు నిరసనగా విదేశీ సరుకు కొనకూడదని కలకత్తా టౌన్ హాల్లో తీర్మానం చేసింది సరిగ్గా ఏడాది ముందు, 1905 ఆగస్టు 7న. గుడ్డ గురించిన గొడవకు ఏడాది నిండితే గుడ్డతోనే జెండా కట్టారు. క్రాఫ్టు టీచర్‌గా నాకు ఈ సంగతి మహా నచ్చింది. సచీంద్ర ప్రసాద్ బోస్, హేమచంద్ర కనుంగో దీని రూపకర్తలని చెబుతారు.

ఎనిమిది తామరలు ఎందుకంటే అప్పటి బ్రిటిష్ ఇండియాలో ఎనిమిది రాష్ట్రాలు కాబట్టి. సూర్యుడూ చంద్రుడూ హిందువులకూ ముస్లిములకూ. అంటే లెక్కపెట్టి, ఎవరినీ మర్చిపోకుండా, అందరికీ తలా ఒక బొమ్మ. పెళ్ళి శుభలేఖలో బంధువుల పేర్లన్నీ వేసినట్టు. పాత జెండాలన్నీ ఇంతే, తర్వాత్తర్వాత బొమ్మలు తగ్గుతూ వచ్చాయి.

తామరలు పిల్లలకే ఇచ్చాను. సగం విచ్చినట్టుండాలి. అట్టముక్క మీద గీసి, తెల్ల గుడ్డ వెనక ఇస్త్రీకి అతుక్కునే బక్రం వేసి కత్తిరించారు. బక్రం లేకపోతే రేకుల కొసలు పీచులు పీచులుగా లేచిపోతాయి. ముందు కచ్చా కుట్టు, తర్వాత అంచు చుట్టూ కాజా కుట్టు. ఎనిమిది తామరలకు నాలుగున్నర గంటలు. ఎనిమిదింటిలో ఒకటి క్యాబేజీలా వచ్చింది. అది కర్ర దగ్గర మొదటిది, ఎవరైనా చూస్తే ఇదే అనుకుంటారు. మార్చలేదు, కుట్టిన పిల్ల మొహం చూశాక మార్చబుద్ధి కాలేదు.

జూన్ 29, ఆదివారం

అక్షరాల రోజు. జనవరి నుంచి నన్ను తొలుస్తున్న సందేహం ఇవాళ తీరింది.

మొదట పసుపు గుడ్డ మీద నేరుగా నీలం దారంతో కాడ కుట్టు వేశాం. ముందు వైపు బ్రహ్మాండం. తిప్పి చూస్తే అద్దంలో చూసినట్టు తిరగబడ్డ అక్షరాలు, మధ్యలో దారాల ముళ్ళు. జెండా గాలికి అటూ ఇటూ తిరిగేది కదా, ఆ పక్కన నిలబడ్డవాళ్ళ గతేమిటి? విప్పాం.

రెండోసారి పసుపు పట్టీలు రెండు తీసుకుని, రెండింటి మీదా విడివిడిగా వందేమాతరం కుట్టి, వీపుకు వీపు ఆనించి అతికాం. ఇప్పుడు ఏ వైపు నుంచైనా చదవచ్చు. ఒక పిల్ల నోటుబుక్కులో రూలు కూడా రాసుకుంది: "రెండు వైపులా కావాలంటే ఒకే అచ్చుతో రెండు ముక్కలు." నేనూ శభాష్ అన్నాను. ఈ రూలు మమ్మల్ని తర్వాత ఎంత పని చేసిందో ముందు ముందు చెబుతాను.

బరువు మాత్రం పెరిగింది. మధ్య చార రెండు పొరలు కావడంతో జెండా మధ్యలో గట్టిగా, పైనా కిందా పల్చగా ఉంది. పంకా వేసి చూస్తే తామరలు ఎగురుతున్నాయి, వందేమాతరం కదలట్లేదు. అక్షరాలున్న జెండా కాగితం మీద బాగుంటుంది, గాలిలో బరువు.

జూలై 5, రాత్రి

హోం రూల్ జెండా మీద సప్తర్షి మండలం ఉంది. ఏడు నక్షత్రాలు ఎలా పెట్టాలో చార్టులో చూస్తే చుక్కల ముగ్గులా ఉంది. పిల్లల ఇళ్ళు దగ్గరే. వాన తెరిపి ఇచ్చిందని ఎనిమిదింటికి డాబా ఎక్కాం. ఉత్తరం వైపు కాస్త పడమరకు వాలి స్పష్టంగా కనిపించింది. నాలుగు చుక్కల మంచం, మూడు చుక్కల తోక. ఒక పిల్ల నోటుబుక్కులో గీసుకుంది.

"అరుంధతి ఏది టీచర్?"

తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, పక్కన చిన్నగా మిణుకుమంటోందే అదే అరుంధతి అని చూపించాను. ఒకతికి కనిపించింది, ముగ్గురికి కనిపించలేదు. కనిపించని వాళ్ళు కూడా కనిపించిందనే అన్నారు, పెళ్ళిలో మనందరం చేసిన పనే.

జూలై 6, ఆదివారం

ఇవాళ నష్టం జరిగింది.

1917 హోం రూల్ జెండాలో చారలు తొమ్మిది, ఎరుపు ఐదు, ఆకుపచ్చ నాలుగు, ఒకదాని తర్వాత ఒకటి. 24 అంగుళాలను తొమ్మిదితో భాగిస్తే టేపు మీద దొరకని లెక్క వస్తుంది. రెండు ముప్పావు పెట్టుకోండి, మొత్తం మీద ముప్పావు అంగుళం పెరిగితే ఎవరు కొలుస్తారు అన్నాను. టీ పెట్టి వచ్చేసరికి పిల్లలు తొమ్మిదీ కత్తిరించేశారు. సరిగ్గా రెండు ముప్పావుకే. కుట్టు కోసం వదలాల్సిన గుడ్డ వదల్లేదు.

ఒక్కో అతుకులో ఇటు అర అంగుళం, అటు అర అంగుళం పోతుంది. ఎనిమిది అతుకులకు ఎనిమిది అంగుళాలు. పైనా కిందా మడత ఇంకో అంగుళం. 24 ముప్పావు కాస్తా 15 ముప్పావు అయింది. అది జెండా కాదు, తువ్వాలు.

ఎవరూ మాట్లాడలేదు. తప్పు నాదే, రెండు ముప్పావు అన్నది నేను, కుట్టు మార్జిను చెప్పనిది నేను. మళ్ళీ కోయడానికి ఎరుపు సరిపోలేదు. రేపు మా ఆయన పని మీద గుడివాడ వెళతారు, తెమ్మంటాను.

జూలై 13, ఆదివారం

తెచ్చిన ఎరుపు వేరే తాను. పక్కన పెడితే తేడా తెలుస్తోంది, ఒకటి కుంకుమ, ఒకటి ఎండుమిరప. కుంకుమవి మూడు, మిరపవి రెండు వచ్చేలా కోసి, మిరపవి రెండింటినీ కిందికి వేశాను.

అతుకులు మామూలుగా కుడితే వెనక పీచులు కనబడతాయి. జెండాకు వెనక అంటూ లేదు కాబట్టి ఒక అంచును రెండోదానిలో మడిచి, పైనుంచి రెండు వరసలు కుట్టాలి. జీన్స్ ప్యాంటు పక్క కుట్టు చూడండి, అదే. ఎనిమిది అతుకులూ అలా కుట్టేసరికి బాబిన్ ఆరుసార్లు చుట్టాను.

తర్వాత ఎడమ పైమూల. అక్కడ బ్రిటిష్ వాళ్ళ యూనియన్ జాక్ ఉంది. "వాళ్ళ జెండా మన జెండాలో ఎందుకు టీచర్?" అని నలుగురూ ఒకేసారి అడిగారు. సోషల్ మాస్టారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. అనీ బిసెంట్, తిలక్ అప్పుడు అడిగింది పూర్తి స్వాతంత్ర్యం కాదమ్మా, సామ్రాజ్యంలో ఉంటూనే ఇల్లు మేమే చూసుకుంటామన్నారు, అదే హోం రూల్ అన్నారాయన. ఆ మూల చాలామందికి నచ్చలేదట. అటు ప్రభుత్వానికీ నచ్చలేదు, కోయంబత్తూరులో ఒక మేజిస్ట్రేటు దీన్ని నిషేధించాడు. ఇద్దరినీ మెప్పిద్దామని చేసినవి ఇలాగే అవుతాయి.

కుట్టేవాళ్ళకు మాత్రం అది నరకం. నీలం మీద తెల్ల అడ్డగీతలు, వాటి మీద ఎర్ర గీతలు, ఐమూలగా మళ్ళీ తెలుపు, ఎరుపు. ఐమూల ఎర్ర గీత తెలుపు మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. కర్ర వైపు సగంలో వెడల్పు తెలుపు పైన రావాలి, ఎగిరే వైపు సగంలో కింద రావాలి. గుడ్డతో నా వల్ల కాలేదు. ఒక పిల్ల తన జడ రిబ్బన్ విప్పి "ఇది పెడదామా టీచర్?" అంది. ఎర్ర రిబ్బనే. కొట్టుకు పంపి తెల్ల రిబ్బన్ వెడల్పుది తెప్పించి, దాని మీద ఎర్రది సన్నగా మడిచి కుట్టాం. గంటలో పని అయిపోయింది. బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తం జడ రిబ్బన్లతో తయారైంది మా ఇంట్లో.

కుడి పైమూల నెలవంక, నక్షత్రం. చారల మీద ఏడు నక్షత్రాలు, డాబా మీద గీసుకున్న నోటుబుక్కు చూసి. ఇస్త్రీ చేస్తుంటే వశిష్ఠుడి పక్కన తెల్ల దారంతో ఆవగింజంత ముడి కనిపించింది. ఎవరు వేశారే అంటే కిసుక్కున నవ్వారు. అసలు జెండాలో అరుంధతి లేదు. విప్పలేదు.

జూలై 20, ఆదివారం

ఇవాళ మన జెండా. మన అంటే మా కృష్ణా జిల్లాది అని.

పింగళి వెంకయ్య గారి ఊరు భట్ల పెనుమర్రు, మా ఊరి నుంచి బస్సులో ముప్పావు గంట. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేశారు. 1916లోనే ముప్పై రకాల జెండా నమూనాలతో పుస్తకం వేశారు. ఆయన్ని జపాన్ వెంకయ్య, పత్తి వెంకయ్య, డైమండ్ వెంకయ్య అని మూడు రకాలుగా పిలిచేవారు. జపనీసు నేర్చుకుంటే అదొక పేరు, కంబోడియా పత్తి మీద ప్రయోగాలు చేస్తే ఇంకో పేరు, వజ్రాల గనుల గురించి చదివితే మరో పేరు. పత్తి సంగతి తెలిసిన మనిషి జెండా గీయడం నాకు సబబుగా అనిపిస్తుంది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్ జెండా మీద రాట్నం ఉండాలని అప్పటికే సూచించారు. ఎరుపు, ఆకుపచ్చల మీద రాట్నంతో ఒక నమూనా ఇమ్మని గాంధీ గారు వెంకయ్య గారిని అడిగారు. మూడు గంటల్లో ఇచ్చారని గాంధీ గారే రాశారు. అయినా సమావేశంలో పెట్టడానికి కాస్త ఆలస్యమైంది. అలా ఆలస్యం కావడమే మంచిదయిందన్నారాయన, ఎందుకంటే తర్వాత ఆలోచిస్తే ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు అయితే మిగతా మతాల వాళ్ళకు రంగేదీ అని తట్టింది. అలా తెలుపు చేరింది.

వరస వినండి. పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు. సంఖ్యలో తక్కువవాళ్ళు పైన, ఎక్కువవాళ్ళు కింద, బలమున్నవాళ్ళు బలం లేనివాళ్ళకు అండగా ఉండాలని. ఈ సంగతి చెబితే మా పిల్లల్లో ఒకతి "కోలాటం గోపురంలో కూడా లావుగా ఉన్నవాళ్ళనే కింద పెడతారు" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

రాట్నం మూడు చారల మీదా పెద్దగా పరుచుకుని ఉంటుంది. ఆషాఢం కాబట్టి మా వీధిలో మగ్గం వర్క్ చేసే చెల్లికి పెళ్ళి బ్లౌజుల పని లేదు. "అక్కా, జరీ అడక్కుండా ఉంటే ఊరికే చేసి పెడతాను" అంది. గుడ్డను మగ్గానికి బిగించి, ముదురు నీలం దారాన్ని కింద ఎడమ చేత్తో అందిస్తూ, కొక్కెం సూదితో పైకి లాగుతూ గొలుసు కుట్టు వేసుకుంటూ పోయింది. సూది గుడ్డలో టక్ టక్‌మని దిగుతుంటే పిల్లలు నోరెళ్ళబెట్టి చూశారు. చక్రం, దాని ఆకులు, పీట, నూలు వడికే ముల్లులాంటి కదురు, దారం. అన్నీ కలిపి ఐదు గంటలు. వెంకయ్య గారి మూడు గంటల రికార్డు పదిలం.

వెనక తిప్పి చూస్తే గొలుసు బదులు వరస కుట్టు కనిపించింది, బొమ్మ మాత్రం చక్కగానే ఉంది. చక్రం కర్ర వైపే ఉంది. దాని గురించి ఎవరం ఆలోచించలేదు.

మరమ్మతులు చేస్తూ సోషల్ మాస్టారు చెప్పిన ఇంకో కథ పిల్లలకు చెప్పాను. 1923లో ఈ రాట్నం జెండా పట్టుకుని వీధిలో నడిచినందుకే నాగపూర్‌లో జనాన్ని జైళ్ళలో పెట్టారు. జమ్నాలాల్ బజాజ్‌ను అరెస్టు చేశాక వల్లభ్‌భాయ్ పటేల్ వచ్చి నడిపించారు. ఒక బృందాన్ని పట్టుకుంటే రేపు ఇంకో బృందం బయల్దేరేది. కర్రకు కట్టిన గుడ్డ పట్టుకుని నడవడమే నేరం.

జూలై 27, ఆదివారం

శ్రావణం వచ్చేసింది. మగ్గం చెల్లి వాకిట్లో బ్లౌజుల మూటలు. వరలక్ష్మీ వ్రతం దాకా పలకరించొద్దు అక్కా అంది. కాబట్టి 1931 జెండా రాట్నం మేమే అతుకు పనితో చేయాలి.

ముందు కథ. రంగులను మతాలకు పంచితే ఎవరో ఒకరు మిగిలిపోతారు. సిక్కులు తమ రంగునూ చేర్చండి, లేదా మతాల లెక్కే ఎత్తేయండి అన్నారు. 1931 ఏప్రిల్‌లో కరాచీలో ఏడుగురితో జెండా కమిటీ వేశారు. దానికి కన్వీనర్ మన బందరు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. జెండా మొత్తం ఒకే కేసరి రంగు ఉండాలి, దాని మీద రాట్నం ఉంటే చాలని కమిటీ చెప్పింది. "టీచర్, అదే కుడదాం, ఒక్క రోజులో అయిపోతుంది" అన్నారు పిల్లలు. కుట్టడానికి అన్నిటికన్నా సులువైన జెండా అదే, ఎవరూ ఒప్పుకోని జెండా కూడా అదే. ఆగస్టులో బొంబాయిలో కాంగ్రెస్ కమిటీ దాన్ని పక్కన పెట్టి కాషాయం, తెలుపు, ఆకుపచ్చలను ఆ వరసలో తీసుకుంది. తెలుపు మీద ముదురు నీలం రాట్నం. కాషాయం ధైర్యానికి, త్యాగానికి. తెలుపు సత్యానికి, శాంతికి. రంగులకు మతాలతో సంబంధం లేదని తీర్మానంలోనే రాశారు. పొడవు మూడు పాళ్ళు, వెడల్పు రెండు పాళ్ళు అని కూడా.

గమనించండి, ఎరుపు వెళ్ళి కాషాయం వచ్చింది, తెలుపు పై నుంచి మధ్యకు దిగింది. రంగుల పెట్టె దాదాపు అదే, చెప్పే మాట మొత్తం మారిపోయింది. తర్వాత 1947 జూలై 22న రాజ్యాంగ సభలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఇంకోలా చెప్పారు, ఆకుపచ్చ అంటే మన కింద ఉన్న నేల, దాని మీద మొలిచే చెట్టూ చేమా అని. ఇన్ని అర్థాలూ ఆ గుడ్డే మోసింది.

చారలు మధ్యాహ్నానికే అతికేశాం. చెయ్యి తిరిగింది.

ఆగస్టు 3, ఆదివారం

రాట్నం. పాత క్యాలెండర్ అట్ట మీద గీసి కోశాను. నీలం గుడ్డకు బక్రం వేసి, నోటుబుక్కులోని రూలు ప్రకారం ఒకే అచ్చుతో రెండు ముక్కలు. ఒకటి ముందు, ఒకటి వెనక. రెండూ ఒకదాని వెనక ఒకటి సరిగ్గా పడాలని గుండుసూదులు గుచ్చి వెలుతురులో పెట్టి చూస్తే ఎంత జరిపినా కలవట్లేదు. చక్రం వెనక కదురు, కదురు వెనక చక్రం వస్తున్నాయి. అప్పటికి సాయంత్రం ఐదయింది, కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది, నాకు బుర్ర పనిచేయలేదు. గుడ్డ దళసరిగా ఉంది, వెనకది కనబడదులే అని కుట్టేశాం.

కర్రకు గుచ్చి పెద్ద పిల్ల పట్టుకుంది. ముందు వైపు చక్రం కర్ర దగ్గర, కదురు కొస వైపు. బాగుంది. తిప్పింది. చిన్న పిల్ల గట్టిగా అరిచింది.

"టీచర్, వెనక రాట్నం పారిపోతోంది!"

నిజమే. వెనక వైపు చక్రం కొసకు వెళ్ళి, కదురు కర్రను పొడుస్తోంది. అక్షరం రెండు వైపులా ఒకేలా ఉండాలి. రాట్నం అలా కాదు, అద్దంలో బొమ్మలా తిరగాలి. మగ్గం చెల్లి కుట్టినప్పుడు ఒకే సూది రెండు వైపులా పడింది కాబట్టి అదంతట అదే తిరిగింది. మేం 'వందేమాతరం' దగ్గర నేర్చుకున్న పాఠం తెచ్చి ఇక్కడ పెట్టాం. వెనక ముక్క విప్పి తిరగేసి వేద్దామంటే దాని ఒక వైపు బక్రం జిగురు. కొత్తది కోయాల్సిందే. నీలం గుడ్డ జానెడు మిగిలింది.

ఆగస్టు 4

బళ్ళో సోషల్ మాస్టారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచారు. "ఏమ్మా, మీరు నెహ్రూ గారు చెప్పిందే చెబుతున్నారు!"

1947 జూలై 22న కొత్త జెండా తీర్మానం పెడుతూ నెహ్రూ గారు రాజ్యాంగ సభలో ఈ సంగతే వివరించారట. పాత జెండాలో రాట్నానికి ఒక వైపు చక్రం, ఒక వైపు కదురు ఉన్నాయి, జెండాను అటు నుంచి చూస్తే కదురు ఇటు వస్తుంది, చక్రమేమో కర్ర వైపే ఉండాలి, ఇది ఆచరణలో ఇబ్బంది అని. అందుకని మొత్తం రాట్నం బదులు దాని చక్రాన్నే తీసుకుని, సారనాథ్ అశోక స్తంభం మీది చక్రాన్ని పెట్టారు. గుండ్రటిది, ఏ వైపు నుంచి చూసినా ఒకటే.

చరిత్ర పుస్తకాల్లో నేను చదువుకున్న కారణాలు పెద్దవి. ధర్మం, గమనం, అశోకుడు. అవన్నీ ఉన్నాయి, నెహ్రూ గారు వాటి గురించీ మాట్లాడారు. కానీ నిన్న సాయంత్రం మా ఇంట్లో చిన్న పిల్ల అరిచిన అరుపు కూడా అందులో ఉందని తెలిసి, నేను స్టాఫ్ రూమ్‌లో కాసేపు నోరు మూసుకుని కూర్చున్నాను. గాంధీ గారికి మాత్రం ఈ మార్పు కష్టంగా తోచింది. రాట్నం లేని జెండాకు తాను వందనం చేయనని 1947 ఆగస్టులో రాసేదాకా వెళ్ళారు.

ఆగస్టు 10, ఆదివారం

మిగిలిన జానెడు నీలంలో అచ్చును బోర్లించి కోశాను. కోసే ముందు నలుగురి చేతా నాలుగుసార్లు "బోర్లా?" "బోర్లానే" అనిపించుకున్నాను. కచ్చా కుట్టు వేసి, వెలుతురులో పెడితే చక్రం మీద చక్రం, కదురు మీద కదురు. ఒక్క నిమిషంలో కలిసింది. మొన్న గంటన్నర జరిపినా కలవంది.

నోటుబుక్కు పిల్ల పాత రూలు కొట్టేయలేదు, కింద ఇంకో లైను రాసింది: "రాతకు ఒకే అచ్చు. బొమ్మకు బోర్లా అచ్చు."

కర్ర వైపు నాలుగింటికీ కాన్వాసు పట్టీ వేసి, పైనా కిందా తాడుకు కాజాలు కుట్టాం.

ఆగస్టు 13

ఖాదీ కొట్టుకెళ్ళి ఇప్పటి జెండా తెచ్చాం, మూడడుగులు, రెండడుగులది. కొట్టాయన గుర్తుపట్టి "కుట్టడం అయిందామ్మా?" అన్నాడు. ఇంటికి రాగానే పిల్లలు టేపు తీశారు. 90 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్లు. ఈ సైజుకు చక్రం వ్యాసం 185 మిల్లీమీటర్లు ఉండాలని ప్రమాణం. కొలిచింది పెద్ద పిల్ల. పద్దెనిమిదిన్నర. తిప్పి వెనక కొలిచింది. పద్దెనిమిదిన్నర. ఆకులు లెక్కపెట్టారు, ఒకతికి 23 వచ్చాయి, మళ్ళీ మొదలుపెడితే 24.

హెచ్‌ఎం గారికి ఒక టెన్షన్ పట్టుకుంది. 1931 జెండా చూసి "టీచర్, ఇది పార్టీ జెండా అంటారేమో, ఎందుకొచ్చిన గొడవ" అన్నారు. నిజానికి అప్పుడది కాంగ్రెస్ జెండానే. ఒక్కోదాని కింద సంవత్సరం, ఊరు, ఎవరు ఎగరేశారు అని పెద్దక్షరాలతో అట్టలు కడతామన్నాక ఒప్పుకున్నారు. ఇప్పటి జెండా మామూలుగా స్తంభం మీద, ఇవి నాలుగూ వరండా తాడు మీద.

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి భారత మహిళల తరఫున రాజ్యాంగ సభకు జెండాను అందించింది హంసా మెహతా అనే ఆవిడ. ఆ పేరు కూడా ఒక అట్ట మీద రాయించాను. మిగతా అట్టల మీద అన్నీ మగవాళ్ళ పేర్లే ఎక్కువైపోయాయి, కామా గారిదీ బిసెంట్ గారిదీ తప్ప.

ఆగస్టు 15, సాయంత్రం

పొద్దున చినుకులు పడ్డాయి. నాలుగు సార్లు ఉతికిన ఎరుపు మాట నిలబెట్టుకుంది, కారలేదు. హోం రూల్ జెండాలో ఎండుమిరప చారల తేడా వరండా నీడలో ఎవరికీ తెలియలేదు. నోటుబుక్కు పిల్ల వాళ్ళ నాన్నకు మాత్రం చూపించింది. ఒక పెద్దాయన 1921 జెండా ముందు చాలాసేపు నిలబడి, "మా నాన్న రాట్నం వడికేవాడమ్మా, దీనికి కదురు కాస్త పొట్టిగా వేశారు" అన్నారు. మగ్గం చెల్లికి చెప్పాలి.

గాలి వేసినప్పుడల్లా అనుకున్నట్టే 1906ది మధ్యలో బిగుసుకుని నిలబడింది, మిగతా మూడూ ఎగిరాయి. చిన్న పిల్ల పని అంతా 1931 జెండా కొస పట్టుకుని వచ్చినవాళ్ళకు వెనక వైపు తిప్పి చూపించడమే. "చూడండి, ఇటు కూడా చక్రం కర్ర వైపే" అంటోంది. ఎందుకు చూపిస్తోందో చాలామందికి అర్థం కాలేదు.

విప్పేసిన ఆ తప్పు రాట్నాన్ని నా కుట్టు మిషన్ కవరు మీద కుట్టింది పెద్ద పిల్ల. మిషన్ మీద కవరు వేస్తే కదురు గోడ వైపు ఉంటుంది, చక్రం నా వైపు.